పొద్దు తప్పిన మనిషి

ఆగస్టు 6, బుధవారం

రొయ్యల మేత కంపెనీవాళ్ళు ఎప్పుడో పంచిన డైరీ ఇది. అచ్చేసిన తేదీలు కొట్టేసి నావి రాసుకుంటున్నాను. నోరు తెరిస్తే ఇంట్లో రభస, మూసుకుంటే కడుపులో మంట. ఇక్కడైతే అడ్డొచ్చేవాళ్ళు లేరు.

ఈరోజు కూడా వచ్చింది రెజీనా. నెల్లూరు కంటి ఆసుపత్రి తరఫున ఊళ్ళు తిరిగి, చూపు పోయినవాళ్ళకు కర్రతో నడవడం నేర్పుతుంది, ఇప్పుడు నా మొగుడికి కూడా. మంచి పనే, కాదన్నానా? కానీ నేను అంగన్‌వాడీకి పోయిన తర్వాతే ఎందుకు రావాలి? మా ఇంటికి అయిదారు ఇళ్ళ అవతలే నా సెంటరు. పిల్లలకు గుడ్లు ఒలుస్తూ కిటికీలోంచి చూశాను, దాని స్కూటీ మా వాకిట్లో ఆగింది. పిల్లలు తిని, చేతులు కడుక్కుని, పడుకుని, లేచారు. స్కూటీ అక్కడే ఉంది.

సాయంత్రం అత్తను అడిగాను.

"ఏం నేర్పిందత్తా అంతసేపు?"

"నేర్పేదేముంది, వాడు నిద్రపోతా ఉంటే. లేపింది, లేవలా. నాతో కూచోని మాట్లాడి పోయింది. మంచి పిల్ల మ్మే. నా మోకాళ్ళకు ఏందో ఆకు గూడా చెప్పింది."

అత్తను కూడా బుట్టలో వేసుకుందన్నమాట.

ఆగస్టు 7

మావకు పగలంతా నిద్ర. రాత్రంతా మెలకువ. నాతో మాట్లాడే వేళకు మాత్రం ఆవులింతలు.

ఆగస్టు 10, ఆదివారం

సెలవు కదా, ఇవాళ చూద్దాం దీని సంగతి అని ఇంట్లోనే ఉన్నాను. చర్చి నుంచి నేరుగా వచ్చింది, తలలో పూలు, తెల్ల చీర. ఎవరి కోసం ఆ పూలు? చూసేవాడికా చూపు లేదు.

మావ ఇవాళ మెలకువగానే ఉన్నాడు. "అన్నా, మందేస్తాను, పైకి చూడు" అంటూ నేను కట్టిన గుడ్డ ముడి విప్పింది. రెండు వేళ్ళతో రెప్ప పైకెత్తి, మొహంలో మొహం పెట్టి చూసింది. నా మొగుడి రెప్ప. నేను ఇన్ని నెలలుగా మందు వేస్తున్నాను, అంత దగ్గరకు పోవాల్సిన పని నాకెప్పుడూ పడలేదు. అలవాటైన చెయ్యి, చూడకుండానే చుక్క సరిగ్గా పడుతుంది.

"అక్కా, ఈ గుడ్డ ఇంకా ఎందుకు? తీసెయ్యొచ్చు గదా."

"ఉప్పుగాలమ్మా మాది. మీ టౌన్లో ఉండదులే."

అన్నా, అన్నా అని పిలిచినంత మాత్రాన అన్న అయిపోతాడా? నేనూ మావను పెళ్ళికి ముందు అన్నా అనే పిలిచాను, వరస తెలియక.

మేలో జరిగింది ఇదంతా. వేట నిషేధం రోజుల్లో పడవ ఒడ్డునే ఉంటుంది, ఊరికే కూర్చోలేని మనిషి, కోట ఊరి పక్కన రొయ్యల చెరువుల పనికి పోయాడు. ఎండగట్టిన చెరువులో సున్నం చల్లుతుంటే గాలి తిరిగింది. రెండు కళ్ళలోనూ పడింది. ఆ సంగతి రాయకూడదనుకున్నాను, రాసేశాను. కుడి కన్ను ఇక లేనట్టే అన్నారు. ఎడమ కంటికి ఏడాది తర్వాత కొత్త పొర వేసి చూస్తారట, అదీ నమ్మకం చెప్పలేమన్నారు. దుమ్ము పడకుండా కొన్ని వారాలు నల్లద్దాలు పెట్టమన్నారు.

అత్త మా పల్లె పద్ధతి చెప్పింది. కంటికి దెబ్బ తగిలితే వెలుతురు తగలకూడదు, గాలి తగలకూడదు, పరాయి చూపు తగలకూడదు. కళ్ళకలక వచ్చినా ఇక్కడ ఇంతే, చీకటి గదిలో పెట్టి కళ్ళకు గుడ్డ కడతారు. అందుకే వెనక గది. కిటికీకి పడవ టార్పాలిన్ కొట్టాం. నా నల్ల వోణీ చించి, నాలుగు మడతలు వేసి కడుతున్నాను. డాక్టరు చెప్పిన గడువు ఎప్పుడో అయిపోయింది, అయినా కడుతున్నాను. ఉప్పుగాలికి గడువు ఉంటుందా?

ఆగస్టు 13

రాత్రి మళ్ళీ వెనక గదిలో గొంతు. ఫోనులో బొత్తం నొక్కిపట్టి మాట పంపుతాడు, తెల్లారాక అటునుంచి మాట వస్తుంది. ఆ విద్య కూడా అదే నేర్పింది. తడికకు చెవి ఆనించాను. సిగ్గెందుకు, నా ఇల్లు, నా తడిక.

"నిజం చెప్పు రెజీనమ్మా. దాచిపెట్టబాక. నేనేం అనుకోను."

ఏం నిజం? ఆ పిల్లకూ ఈయనకూ మధ్య దాచుకునేంతది ఏముంది?

ఆగస్టు 14

గుడ్డకు ఈరోజు రెండు ముళ్ళు వేశాను.

ఆగస్టు 28, గురువారం

రెజీనా వేళంగణ్ణి మాత పండగకు పోయింది. పది పన్నెండు రోజులు రాదట.

మావ ఈ వారమంతా పొద్దు పొడవకముందే లేస్తున్నాడు. నేను లేచేసరికి అరుగు మీద కూర్చుని ఉంటాడు, గుడ్డ కట్టుకునే, బుద్ధిగా. "చిట్టీ, టీ పెడతావా" అంటాడు. ఈ నెల మొదట్లో ఈ మనిషిని నీళ్ళు చల్లి లేపినా లేవలేదు. ఇప్పుడేమైంది మరి? ఎవరు లేరో చూసుకుంటే తెలుస్తుంది ఏమైందో.

పడవ యజమాని నరసయ్య మామ వచ్చి, మావను రేవులో వలల షెడ్డుకు పంపించమన్నాడు. తెగిన వలలు అల్లడానికి కళ్ళెందుకు, వేళ్ళుంటే చాలన్నాడు. సోమవారం నుంచి పోతున్నాడు. అత్త చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది, మధ్యాహ్నం నేను అన్నం తీసుకుపోతాను. ఇవాళ కానాగంత చేపల పులుసు. ముళ్ళు తీసి పెడితే, "నేనేం నీ సెంటరు పిల్లోణ్ణా" అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎవరూ చూడలేదు.

ఆగస్టు 31

రాత్రి నా పక్కనే నిద్రపోయాడు. రాయడానికి ఇంకేమీ లేదు.

సెప్టెంబర్ 9, మంగళవారం

దిగింది మహాతల్లి. అత్తకు జపమాల, మావకు నూనె సీసా, నాకు ఖర్జూరాలు. పారెయ్యబోయాను, పిల్లలు తింటారని సెంటర్లో పంచాను.

మావ ఇవాళ షెడ్డుకు ఆలస్యంగా పోయాడు. రాత్రి నిద్ర పట్టలేదట. ఎందుకు పడుతుంది?

సెప్టెంబర్ 12

తెల్లవారుజామున పడుకున్నాడు. అత్త లేపితే కసిరాడు. షెడ్డుకు పోలేదు.

సెప్టెంబర్ 15

పోలేదు.

నరసయ్య మామ ఇంటికి వచ్చి అన్నాడు: "పోలేరయ్యా, నీ కోసం వేరేవోణ్ణి పెట్టలా. మళ్ళా వస్తావని చూస్తా ఉండా. ఇంకోసారి ఇట్టా ఎగ్గొడితే మాత్రం నన్ననుకోబాక." మావ తల వంచుకుని విన్నాడు. వింటూనే కునికాడు.

నాకు లెక్క స్పష్టంగానే ఉంది. అది లేనప్పుడు మనిషి మనిషిలా ఉన్నాడు. వచ్చింది, చెడిపోయాడు. దీనికి డాక్టరెందుకు?

సెప్టెంబర్ 17, బుధవారం

చెప్పేశాను. రోడ్డు మీదే, స్కూటీ ఆపి.

"రెజీనా, ఇంక మా ఇంటికి రావద్దు."

దాని మొహం చిన్నబోయింది. ఏం చేశానని అడుగుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. అది వేరే మాట ఎత్తింది.

"సరే అక్కా, రాను. ఒక్క మాట విను. అన్న రాను రాను లేటుగా పడుకుంటున్నాడు, చూసినావా? ఒక్కసారిగా కాదు. నిన్నటి కంటే ఇవాళ కొంచెం, ఇవాళ్టి కంటే రేపు కొంచెం. అట్లా జరిగి జరిగి పగలు రాత్రి అయిపోతుంది. ఇంకా జరిగితే మళ్ళీ పొద్దుటికి వస్తాడు. మా ట్రైనింగ్ సెంటర్లో ఇద్దరు ఇట్లానే ఉండేవాళ్ళు. అన్నను ఒకసారి డాక్టరమ్మకు చూపించక్కా."

"నా మొగుడి నిద్ర గూడా నువ్వే చూసుకుంటా ఉండావా?"

"నాకెట్లా తెలుస్తుందక్కా. అన్న మెసేజి పెట్టే టైమును బట్టి అనుకున్నా."

చూశారా, ఒప్పుకుంది. మెసేజీలు పెడుతున్నాడని దాని నోటితోనే ఒప్పుకుంది. ఇంటికొచ్చి అన్నం గిన్నె ఠంగున కింద పెట్టాను. పక్కింటివాళ్ళతో మాట్లాడుతున్న అత్త నన్ను చూసి గొంతు తగ్గించింది.

సెప్టెంబర్ 24, బుధవారం

నెల్లూరు పోయివచ్చాం. నేను తీసుకుపోలేదు, మావే పోదామన్నాడు. "పగలు బతకాలని ఉండాది చిట్టీ" అన్నాడు, అంతే. ఇంకేం మాట్లాడను.

ఆసుపత్రి మెట్ల దగ్గర రెజీనా నిలబడి ఉంది. అది ఉంటుందని నాకు తెలుసు.

డాక్టరమ్మ పెద్దావిడ, కోపం లేని గొంతు. ముందు కళ్ళ మీద గుడ్డ చూసింది. "ఇదేంటమ్మా?" అంది. చెప్పాను. గదిలో లైట్లార్పి, గుడ్డ విప్పి, ఎడమ కంటి మీద టార్చి వేసింది. "వచ్చింది" అన్నాడు మావ. తీసేసింది. "పోయింది." మళ్ళీ వేసింది. "వచ్చింది." చిన్నపిల్లవాడిలా చెబుతున్నాడు. నేను గోడ మీద పటం చూస్తున్నాను.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. నాకు అర్థమైనంత రాసుకుంటాను, ఇంటర్లో బైపీసీ చదివిన దాన్నే కదా.

కన్ను చేసేవి రెండు పనులట. ఒకటి చూడటం. రెండోది, తెల్లారిందా పొద్దుగూకిందా అని మెదడుకు కబురు పంపడం. ఆ కబురు పంపే కణాలు వేరే ఉన్నాయి. బొమ్మ కనిపించని కన్ను కూడా ఆ పని చేయగలదు. మావ ఎడమ కంటికి ముందు పొర మాడిపోయింది గానీ, వెనక నరం బతికే ఉందట. రెండు కళ్ళ నరాలు మెదడు కింద ఒకచోట కలుస్తాయి. దానికి కాస్త పైన, బియ్యపు గింజ కంటే చిన్న చోటులో, వంటి గడియారం ఉంది. ఎప్పుడు నిద్ర, ఎప్పుడు ఆకలి, అన్నీ దాని చేతిలోనే. చాలామందిలో ఆ గడియారం అసలు రోజు కంటే కాస్త నిదానమట. పొద్దున వెలుతురు పడినప్పుడల్లా ముందుకు జరిగి సరిపోతుంది. వెలుతురే అందకపోతే రోజుకు కొంచెం చొప్పున వెనకబడుతూ పోతుంది.

"మరి ఆ గింజలో అన్ని కణాలకూ వెలుతురు అందుతుందా మేడం?" అడిగింది రెజీనా. నేను అడగబోయిన మాటే. ఎప్పుడూ నా కంటే ఒక్క అడుగు ముందుంటుంది.

"అన్నిటికీ నేరుగా అందదు" అంది డాక్టరమ్మ. "కబురు ముందు కొన్నిటికి వస్తుంది. అవి ఒక చిన్న ప్రొటీన్ తునకను వదులుతాయి, పెప్టైడ్ అంటారు. దాని ద్వారా పక్క కణాలకు తెలుస్తుంది, అప్పుడు అన్నీ కలిసి జరుగుతాయి. ఎలుకల్లో ఆ పెప్టైడ్ లేకుండా చేసి చూశారు. వెలుతురు పడ్డా గడియారం సరిగ్గా జరగలేదు."

ఆ తునక పేరు వీఐపీ అట. మొదట పేగుల్లో కనిపెట్టారట, పేరు అప్పటిది. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

మావ అన్నాడు: "రేవులో తుపాను కబురు మాదిరి. ఫోను ఒకరికి వస్తాది. ఆయన అరిస్తే పల్లె మొత్తం పడవలు లాగతాది."

"సరిగ్గా అదే పోలేరయ్యా. మీ తలలో అరిచేవాడు బాగానే ఉన్నాడు. వాడికి ఫోను పోనివ్వడం లేదు మనం."

మనం అంది. నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

చెయ్యవలసింది చిన్న పనే. గుడ్డ తీసెయ్యడం, కిటికీ తెరవడం, పొద్దున లేవగానే ఆరుబయట వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టడం. పొద్దున పడిన వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, రాత్రి పడింది వెనక్కి నెడుతుంది, కాబట్టి రాత్రి ట్యూబులైటు వద్దు. ఒక రోజు చేస్తే చాలదు, రోజూ చెయ్యాలి. "ఇంకో నాలుగైదు రోజుల్లో ఈయన నిద్ర తనంతట తనే రాత్రికి వస్తుంది. తిరిగి తిరిగి పొద్దుకు ఎదురుపడుతుంది, అంతేగానీ బాగైనట్టు కాదు. మోసపోకండి. ఆ రోజుల్లోనే మొదలుపెడితే అక్కడే నిలబడుతుంది."

ఇంత పెద్ద జబ్బుకు మందు మా వాకిట్లో ఊరికే పడి ఉంది. సంతోషించాలి కదా నేను. సంతోషంగానే ఉన్నాను.

బస్టాండులో రెజీనా మావతో అంటోంది: "నిద్ర కుదిరితే మా సెంటర్లో నెల రోజులు ట్రైనింగన్నా. హాస్టలుంది. ఫోను, కర్ర, వంట, అన్నీ వస్తాయి." మావ మొహం దానివైపు తిరిగింది. నా వైపు ఎప్పుడూ అంత త్వరగా తిరగదు.

నిద్ర కుదిరితే, నెల రోజులు, హాస్టలు.

సెప్టెంబర్ 26

రేపటి నుంచి మొదలుపెట్టాలి.

సెప్టెంబర్ 27

పొద్దున మబ్బుగా ఉంది. మబ్బులో ఏం వెలుతురు. రేపు.

సెప్టెంబర్ 28, ఆదివారం

మావ తనంతట తానే తెల్లారి లేచాడు. గుడ్డ ఉంది, టార్పాలిన్ ఉంది, అయినా లేచాడు. డాక్టర్లు చిన్నదాన్ని పెద్దది చేసి చెబుతారు. మోసపోవద్దని ఆవిడ అన్న మాట గుర్తుంది. ఆవిడ రోజుకు ఎంతమందిని చూస్తుందో, అందరికీ అదే చెబుతుందేమో.

అత్త అడిగింది: "మ్మే, డాక్టరమ్మ గుడ్డ తియ్యమనలా?"

"మెల్లగా తియ్యమనింది అత్తా. ఒక్కసారిగా వద్దనింది."

మావ అక్కడే ఉన్నాడు. ఆయన కూడా విన్నాడుగా ఆ రోజు డాక్టరమ్మ మాటలు. అయినా గుడ్డ కట్టించుకోవడానికి తల ముందుకు వంచాడు.

అక్టోబర్ 1

షెడ్డుకు పోతున్నాడు. బాగున్నాడు.

అక్టోబర్ 3

బాగున్నాడు.

అక్టోబర్ 8, బుధవారం

ఇవాళ మావ లేచేసరికి అత్త రేవుకు పోయి చేపలు కూడా తెచ్చేసింది. నిన్న అలసట అయి ఉంటుంది.

అక్టోబర్ 10, శుక్రవారం

పొద్దెక్కాక లేచాడు. రాత్రి ఫోనులో గొంతు విన్నాను. రెజీనా మా గడప తొక్కి మూడు వారాలు దాటింది. రావద్దన్నది నేనే. అయినా ఈయన నిద్ర చెడింది. మరి దేనివల్ల చెడినట్టు?

ఈ ప్రశ్న ఇక్కడ రాసి చాలాసేపు చూశాను.

అక్టోబర్ 12, ఆదివారం

నరసయ్య మామ కబురు పెట్టాడు. మావ రేపు కూడా పొద్దుటే రాకపోతే షెడ్డులో ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. కబురు విన్న మావ పీట మీద కూర్చుని వేళ్ళతో ఊరికే గాలిలో వల అల్లుతున్నాడు, దారం లేకుండా. నేను తట్టుకోలేకపోయాను. తట్టుకోలేనప్పుడు నాకు వచ్చేది ఏడుపు కాదు, కోపం.

"రాత్రుళ్ళు దాంతో ఏం మాట్లాడతా ఉండావు నువ్వు? ఏం నిజం చెప్పమంటా ఉండావు దాన్ని?"

ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

"విన్నావా?"

"విన్నా. అంతా విన్నా."

"నా కళ్ళు ఎట్టుండాయో చెప్పమన్యా."

నాకు మొదట అర్థం కాలేదు.

"నన్నడగచ్చు గదా. నేనేడకి పోయినా?"

"నీకు చూడబుద్ధి కాదు గదా చిట్టీ." కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "మందేసేటప్పుడు నీ మొగం పక్కకు తిరగతాది. నీ ఊపిరి నా చెంపకు తగలదు, చెవికి తగలతాది. ఆ పిల్లదైతే నేరుగా కంటికే తగలతాది. నువ్వు గుడ్డ కట్టి గట్టిగా ముడేస్తావు. డాక్టరమ్మ తియ్యమన్నాక గూడా కట్టినావు. అంత ఘోరంగా ఉండాయేమోలే, నిన్నెందుకు కష్టపెట్టేదని ఊరుకున్యా."

"మరి నువ్వే తీసెయ్యచ్చు గదా. ఎలుతురు తెలస్తాది గదా నీకు."

"తెలస్తాది. తీస్తే నువ్వు చూడాల."

ఆ గుడ్డ ఎందుకు కట్టానో ఈ డైరీలో ఎన్నిసార్లు రాశాను. ఉప్పుగాలి అని, దుమ్ము అని, పల్లె పద్ధతి అని. నోటికొచ్చింది చెప్పేశాను: "ఆ పిల్ల నిన్ను చూడకూడదని కట్టినా మావా. రెప్పలు ఎత్తి ఎత్తి చూస్తా ఉంటే నాకు వొళ్ళు మండింది. నిన్ను నెల్లూరు తీసకపోతాదని భయమేసింది."

ఆయన నవ్వాడు. మే నెల తర్వాత ఈ నవ్వు వినలేదు నేను. "నన్నా? ఈ మొగాన్నా?" అని నవ్వి, దగ్గొచ్చి, మళ్ళీ నవ్వాడు. అత్త వాకిట్లోంచి ఏందిరా అని కేకేసింది.

నేను చెప్పింది అబద్ధం కాదు. కుళ్ళుకున్నాను, ఇప్పటికీ కుళ్ళుగానే ఉంది. కానీ ఆయన చెప్పింది కూడా నిజమే. ఆసుపత్రిలో మొదటిసారి కట్టు విప్పినప్పుడు చూశాను, ఆ తర్వాత చూడలేదు. రెజీనా చూడగలిగింది. మంట అక్కడ మొదలైంది, పూల దగ్గర కాదు.

అక్టోబర్ 13, సోమవారం

తూరుపు తెల్లబడుతుంటే లేపాను. లేవలేదు. రెక్క పట్టి కూర్చోబెట్టి, మొహం కడిగి, వాకిట్లో సముద్రం వైపు పీట వేసి కూర్చోబెట్టాను. అత్త చూస్తోంది, పరాయి చూపని ఏదో అనబోయింది, నా మొహం చూసి లోపలికి పోయింది. గుడ్డ విప్పాను. ముడి బిగిసిపోయి పంటితో లాగాల్సి వచ్చింది.

"చూస్తా ఉండావా?" అన్నాడు.

"చూస్తా ఉండా."

"చెప్పు మరి."

చెప్పాను. కుడిది చిన్నదై లోపలికి పోయింది, రెప్ప సగం అతుక్కుంది. ఎడమది తెల్లగా, చల్లారిన గంజి మీద తెట్టు కట్టినట్టుంది, అంచుల్లో ఎర్ర జీరలు. నల్లగుడ్డు ఎక్కడో అడుగున ఉన్నట్టు ఉంది, సరిగ్గా కనిపించదు.

"భయంగా ఉండాయా?"

"మొదట భయమేసింది. ఇప్పుడు గూడా కొంచెం ఉండాది. ఉంటే ఉండనీ."

పొద్దు సముద్రంలోంచి పైకి వస్తోంది. ఆయన మొహం దానంతట అదే అటు తిరిగింది.

"బాగానే ఉండాయి, నీళ్ళ మాదిరి ఉండాయి అనింది రెజీనమ్మ."

"అబద్ధం చెప్పింది" అన్నాను. ఎంత హాయిగా ఉందో ఆ మాట అనడానికి. పాపం మంచికే చెప్పింది, నాకు తెలుసు. తర్వాత ఫోను చేసి, ఇంటికి రమ్మన్నాను. హాస్టల్లో తోడుగా ఆడవాళ్ళు కూడా ఉండొచ్చా అని అడిగాను. అది నవ్వింది. నవ్వనీ.

నరసయ్య మామ దగ్గరకు కూడా నేనే పోయాను. ఆలస్యంగా వచ్చినా ఇవాళ్టికి కూర్చోనిచ్చాడు. దీపావళి దాకా చూస్తానన్నాడు.

అదంతా తర్వాత సంగతి. పొద్దున పీట మీద కూర్చుని, పొద్దు మొహాన పడుతుంటే, మావ నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు.

"రేపు గూడా చూస్తావా?"

"రోజూ ఎలుతురు చూపించాలనే గదా డాక్టరమ్మ చెప్పింది."

"నేనడిగింది ఎలుతురు సంగతి గాదు."

అది నాకూ తెలుసు. ఒంగి, నా ఊపిరి ఆయన కంటికి తగిలేంత దగ్గరకు పోయి, చూస్తానని చెప్పాను.